గేమింగ్ కంప్యూటర్‌లో రెండు డ్రైవ్‌లు

హార్డ్ డిస్క్‌లో అయస్కాంత పూత ఉన్న గుండ్రటి పలకలు సాధారణంగా నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. కావలసిన సమాచారం ఉన్న వరుస మీదికి రీడింగ్ హెడ్ జరిగి, ఆ భాగం తన కిందికి వచ్చేదాకా ఆగాలి. ఇందుకు ప్రతిసారీ పట్టేది సుమారు పది మిల్లీసెకన్లే అయినా, ఆట తెరుచుకునేటప్పుడు ఎక్కడెక్కడో ఉన్న ముక్కలను వేల సంఖ్యలో చదవాలి కాబట్టి ఆలస్యం పేరుకుపోతుంది. రెండో రకం డ్రైవ్ అయిన ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలే లేవు. సమాచారమంతా ఫ్లాష్ చిప్‌లలో ఉంటుంది. సాటా రకం ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 మెగాబైట్లు చదివితే, అంతకన్నా వేగవంతమైన ఎన్‌వీఎంఈ రకంలో నాలుగో తరానికి చెందిన మేలైనవి 7,000 మెగాబైట్ల దాకా చదువుతాయి.

అందుకే విండోస్‌నూ, తరచూ ఆడే ఆటలనూ ఎస్‌ఎస్‌డీలోనే పెట్టాలి. వీడియోలకు, పాత ఆటలకు, బ్యాకప్‌లకు హార్డ్ డిస్క్ చాలు. 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్ ఆటకైతే తయారీదారులే ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి అన్నారు. ఆటలు కొనే స్టీమ్ యాప్‌లో ఆటను ఒక డ్రైవ్ నుంచి మరోదానికి మార్చుకోవచ్చు, మళ్లీ డౌన్‌లోడ్ అక్కర్లేదు. పెద్ద ఆటలు 100 గిగాబైట్లు దాటుతున్న ఈ రోజుల్లో ఇది నిజంగా గొప్ప వెసులుబాటు.

అయితే ఎస్‌ఎస్‌డీ వల్ల ఫ్రేమ్ రేటు పెద్దగా పెరగదు. ఆ భారం ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డుది. డబ్బు పరిమితంగా ఉన్నవారు ముందు 1 టెరాబైట్ ఎస్‌ఎస్‌డీ కొని, హార్డ్ డిస్క్‌ను తర్వాత చేర్చుకోవడమే మంచిది.