ఒడ్డున నిలిచి సొరవేట: గడచిన కాలము నేర్పిన పాఠము

కోస్తా గ్రామములవారికి సొరచేప క్రొత్త కాదు. పాలసొర కూర బాలింతలకు మంచిదని మన యిండ్లలో పెద్దలు చెప్పుదురు. పడవలపై పోయి చిన్నసొరలను పట్టితెచ్చుట మన మత్స్యకారుల వృత్తిలో ఒక భాగము. కాని ఒడ్డుననే నిలిచి గాలముతో పెద్దసొరలను లాగు వేట యొకటి వెనుకటి రోజులలో ప్రపంచమునందలి కొన్ని రేవులలో సాగినది. అందలి అపాయము లెట్టివో, అవి ఎవరెవరికి ముప్పు తెచ్చునో తెలిసికొనుట తీరగ్రామముల పంచాయతీ సభ్యులకు ఉపయోగకరమని తలచి ఇచట వివరించుచున్నాము.

డర్బను రేవు

దక్షిణాఫ్రికా తూర్పుతీరమున డర్బను అను రేవుపట్టణము కలదు. మద్రాసునుండి బయలుదేరిన ఒప్పందపు కూలీల తొలి ఓడ 1860 నవంబరు 16వ తేదీన చేరినది ఈ రేవునకే. ఆ వలసలలో పోయిన తెలుగువారి సంతతి నేటికిని అచట నివసించుచున్నది. ఆ రేవు ముఖమున సముద్రములోనికి కట్టిన దక్షిణపు గోడపై ఇరువదవ శతాబ్ది మధ్యకాలమున సొరవేటగాండ్రు గుమిగూడుచుండిరి. సమీపముననే తిమింగలములను కోసి నూనె తీయు కర్మాగారముండెను. ఆ నెత్తుటి వాసనకు పెద్దసొరలు తీరమును సమీపించుచుండెను. అచటి తిమింగలముల వేట 1975లో ఆగిపోయినది.

త్రాడువలన అపాయము

ఈ వేటలో సొర కోరలకంటె ముందుగా త్రాడునకు భయపడవలెను. మనిషికి రెండుమూడింతల బరువుగల చేప ఒక్కుమ్మడిగా పరుగెత్తునప్పుడు, త్రాడు చేతికో కాలికో చుట్టుకొన్నచో వేటగాడే నీటిపాలగును. తొలినాటి గిలకలకు ఆ పరుగును అదుపుచేయు ఏర్పాటు లేదు. తోలుముక్కతో, బొటనవ్రేలితో అదిమి పట్టవలసి యుండెను. పాచిపట్టిన రాళ్ళపై అలలు కొట్టుచుండగా, చేపను కొక్కెముతో అందుకొనుటకు క్రిందికి దిగినవాడు జారిపడుట ఎంతసేపు?

ఒడ్డుకు చేరిన పిమ్మట

చేప చచ్చినదనుకొని దగ్గరకు పోవుట మరొక పొరపాటు. సొరకు గట్టి యెముకలు లేవు. మన చెవిదొప్పలో ఉండునట్టి మృదులాస్థియే దాని అస్థిపంజరము. అందుచే అది విల్లువలె వంగి, తోకను పట్టుకొన్నవానిని సైతము కరువగలదు. కదలిక ఆగిన తరువాతకూడ దవడలు మూసికొనవచ్చును. చర్మమా, ఆకురాయివలె గరుకైనది. ఒరసికొన్న చోట మన చర్మము లేచిపోవును.

స్నానము చేయువారి మాట

కొరివితో తల గోకికొన్నవాని బాధ వానిదే యనవచ్చును. కాని సొరను రప్పించుటకై నెత్తురును, మాంసఖండములను ఒడ్డునీటిలో కుమ్మరించినచో, ఆ సంగతి ప్రక్కరేవున స్నానమాడు పిల్లవానికి తెలియదు గదా! డర్బనులో 1943 మొదలు 1951 వరకు సొరల వాతబడి ఏడుగురు మరణించిరి. ఈ మరణములకు వేటగాండ్రే కారకులని మేము చెప్పుట లేదు. సొరలు తీరమును చేరుటకు కారణములు పెక్కు. అయినను సొరలు తిరుగు నీటిలో ఎరలు చల్లుట అగ్నిలో ఆజ్యము పోయుటయే. 1952లో అచట స్నానపు తీరములకు వెలుపల వలలు కట్టిరి. మరణములు ఆగినవి. కాని ఆ వలలలో చిక్కి తాబేళ్ళును, డాల్ఫినులును చనిపోవుచున్నవి. ముందు జాగ్రత్తకంటె తరువాతి చికిత్స ఖరీదైనదని దీనివలన తెలియుచున్నది.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రము 2019 జూలై 1వ తేదీనుండి ఈ వేటకు కట్టుబాట్లు విధించినది. ఒడ్డునుండి సొరను పట్టగోరువాడు ముందుగా పాఠము చదివి అనుమతి పొందవలెను. నీటిలో ఎరలు వెదజల్లరాదు. గాలమునుగాని దాని తీగనుగాని వెంటనే కోయగల పరికరము దగ్గర నుంచుకొనవలెను. నిషిద్ధజాతి సొర తగిలినచో నీటినుండి పైకి తీయక విడిచిపెట్టవలెను.

మనము చేయదగినది

మన తీరమున అలివివలను ఒడ్డునుండియే లాగుదురు. దానిలో పెద్దచేప పడినప్పుడు పైన చెప్పిన అపాయములు మనకును వర్తించును. వలత్రాడును చేతికి చుట్టుకొనరాదనియు, పదునైన కత్తి ఒకటి సిద్ధముగ నుండవలెననియు పెద్దలు యువకులకు చెప్పవలెను. ఒకవేళ తిమింగల సొర చిక్కినచో, అది మనుష్యులను తినునది కాదు. నీటిలోని సూక్ష్మజీవులను, చిన్నచేపలను తిని బ్రతుకును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద 2001లో దానికి రక్షణ కల్పింపబడినది. దానిని చంపుట నేరము. వల కోసియైనను విడిచిపెట్టి, అటవీశాఖవారికి తెలియజేయవలెను.

ఇక పంచాయతీ చేతిలోనిది ఒకటి కలదు. చేపలు కోసిన వ్యర్థములను పిల్లలు స్నానము చేయు రేవులో పారవేయకుండ, దూరముగ వేరొక చోటు నిర్ణయించి గ్రామసభలో తీర్మానము చేయవచ్చును. దీనికి పెద్ద ఖర్చు లేదు. సముద్రము అందరిది. ఒకని వేట మరియొకని ప్రాణము మీదికి రాకుండ చూచుట గ్రామ పెద్దల బాధ్యత.