బార్బర్‌షాప్ బృందగానం: శ్రుతి, గాత్రసాధన, పోటీ ప్రమాణాలు

వ్యాససంగ్రహం:
వాద్యసహకారం లేకుండా నాలుగు గళాలతో పాడే అమెరికన్ గానశైలి బార్బర్‌షాప్. నాలుగు స్వరాలు సహజ నిష్పత్తిలో కలిసినప్పుడు పుట్టే ప్రత్యేక నాదం ఈ శైలికి ప్రాణం. ఆ నాదానికి గల ధ్వనిశాస్త్ర కారణాలను, దాన్ని సాధించడానికి కోరస్ చేసే గాత్రసాధనను, ఆ సాధనపై పోటీల ప్రభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్వరలిపిలో రాయడానికి వీలులేని శ్రుతి సవరణే ఈ కళకు కేంద్రమనీ, పోటీలు దాన్ని కాపాడుతూనే ఈ శైలి ఎవరిదనే ప్రశ్నను చాలాకాలం మరుగుపరిచాయనీ వివరించడం వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: బార్బర్‌షాప్, బృందగానం, సహజ శ్రుతి, అనుస్వరాలు, గాత్రసాధన, పోటీ ప్రమాణాలు.

1. ఉపోద్ఘాతం

మన సంగీతంలో పదిమంది కలిసి కీర్తన పాడినా అందరూ పాడేది ఒకే స్వరం. స్థాయిభేదం ఉండవచ్చు గాని స్వరభేదం ఉండదు. బార్బర్‌షాప్ బృందగానంలో ఒకే అక్షరాన్ని, ఒకే క్షణంలో, నాలుగు వేర్వేరు స్వరాలలో పలుకుతారు. అలా ఏకకాలంలో వినిపించే స్వరాల సముదాయాన్ని కార్డ్ అంటారు. పాటలోని దాదాపు ప్రతి అక్షరానికీ ఒక కార్డ్ ఉండటం ఈ శైలి లక్షణం. కోరస్‌లో ఒక్కొక్క స్వరాన్ని పదిమందో ముప్పైమందో పాడతారు. కాబట్టి కోరస్ ముందు రెండు సమస్యలు ఉంటాయి. ఒకే స్వరం పాడేవారంతా ఒక్క గొంతులా వినిపించాలి. ఆపైన ఆ నాలుగు గొంతులూ ఒక్క నాదంగా కలవాలి. ఈ శైలిలోని గాత్రసాధన అంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

2. పుట్టుక, సంస్థాగత రూపం

చారల చొక్కాలు, గడ్డి టోపీలు, మెలితిప్పిన మీసాలతో పాడే నలుగురు శ్వేతజాతి పురుషులు: బార్బర్‌షాప్ అనగానే అమెరికన్లకు గుర్తుకువచ్చే చిత్రం ఇది. ఈ శైలి మూలాలు మాత్రం 19వ శతాబ్దం చివరినాటి ఆఫ్రికన్ అమెరికన్ సమాజంలో ఉన్నాయని లిన్ అబ్బాట్ 1992లో ‘అమెరికన్ మ్యూజిక్’ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో విస్తృతమైన ఆధారాలతో ప్రతిపాదించాడు. అంతకు చాలా ముందే, 1925లో, కవి జేమ్స్ వెల్డన్ జాన్సన్ ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ క్షౌరశాలల్లో వినిపించిన చతుర్గళ గానాన్ని గురించి రాశాడు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాల్యంలో న్యూ ఆర్లియన్స్ వీధుల్లో ఇలాంటి బృందంతో కలిసి పాడినవాడే. ఆ దశలో రాతప్రతి లేదు. ఒకరు వరుస అందుకుంటే, తక్కినవారు చెవితో వెదుక్కుంటూ తగిన స్వరాన్ని జతచేసేవారు.

1938 ఏప్రిల్ 11న ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో ఓవెన్ క్యాష్ అనే పన్నుల న్యాయవాది, రూపర్ట్ హాల్ అనే మిత్రునితో కలిసి ఒక గానసభ ఏర్పాటుచేశాడు. దానికి 26 మంది హాజరయ్యారు. దానినుండి ఏర్పడిన సంఘమే నేటి బార్బర్‌షాప్ హార్మొనీ సొసైటీ. మరుసటి ఏడాదే, 1939లో, టల్సాలోనే తొలి జాతీయ క్వార్టెట్ పోటీ జరిగింది. 1945లో అదే నగరంలో మహిళల కోసం స్వీట్ అడెలైన్స్ సంఘం ఏర్పడింది. కోరస్‌ల పోటీ 1953లో మొదలైంది.

3. నాలుగు గళాల నిర్మాణం

ప్రధాన వరుసను పాడే గళం ‘లీడ్’. దానికి పైస్థాయిలో తేలికగా పాడేది ‘టెనార్’. అడుగున మూలస్వరాన్నో పంచమాన్నో ఎక్కువగా పట్టి ఉంచేది ‘బాస్’. కార్డ్‌లో మిగిలిన స్వరాన్ని పూరించేది ‘బారిటోన్’. ఇది అవసరాన్నిబట్టి లీడ్‌కు ఒకసారి పైన, ఒకసారి కింద సంచరిస్తుంది. విడిగా వింటే బారిటోన్ వరుసలో రాగభావం కనిపించదు. కాని అది లేకపోతే కార్డ్ పూర్తికాదు. మహిళల బృందాలలోనూ ఇవే పేర్లు వాడతారు, స్థాయి మాత్రం మారుతుంది. ప్రధాన వరుస అన్నిటికన్నా పైన కాక లోపల, రెండవ గళంలో ఉండటం ఈ శైలిని ఇతర పాశ్చాత్య బృందగాన రీతులనుండి వేరుచేసే ముఖ్యాంశం.

4. కార్డ్ ‘మోగడం’: ధ్వనిశాస్త్ర వివరణ

బార్బర్‌షాప్ గాయకులు అమితంగా ఇష్టపడే కార్డ్‌కు ‘బార్బర్‌షాప్ సెవెంత్’ అని పేరు. మన పరిభాషలో స్థూలంగా చెప్పాలంటే అది షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదాల కలయిక. వాటి పౌనఃపున్యాలు 4:5:6:7 నిష్పత్తిలో ఉండాలి. మూలస్వరం 220 హెర్ట్జ్ అనుకుంటే మిగిలినవి 275, 330, 385 హెర్ట్జ్ అవుతాయి.

పియానో మీద ఇదే కార్డ్ వాయిస్తే వచ్చే విలువలు వేరు. పియానోలో స్థాయిని 12 సమభాగాలుగా విభజిస్తారు కనుక ఆ మూడు స్వరాలూ సుమారు 277.2, 329.6, 392 హెర్ట్జ్ వద్ద పలుకుతాయి. పంచమంలో తేడా నామమాత్రం. ఒక సమభాగాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తే, గాంధారం సహజస్థానంకంటే 14 సెంట్లు, నిషాదం 31 సెంట్లు ఎక్కువగా ఉంటాయి.

ఈ తేడా చెవికి ఎలా తెలుస్తుంది? ప్రతి గాత్రస్వరంలోనూ ప్రాథమిక పౌనఃపున్యంతోపాటు దాని పూర్ణాంక గుణిజాలైన అనుస్వరాలు ఉంటాయి. 220 హెర్ట్జ్ స్వరపు అయిదవ అనుస్వరం 1100 హెర్ట్జ్. 275 హెర్ట్జ్ స్వరపు నాలుగవ అనుస్వరమూ 1100 హెర్ట్జే. రెండూ ఏకమై బలపడతాయి. గాంధారాన్ని పియానో శ్రుతిలో పాడితే దాని నాలుగవ అనుస్వరం దాదాపు 1108.7 వద్ద పడుతుంది. అప్పుడు సెకనుకు సుమారు 9 విస్పందనాలు ఏర్పడి నాదం గరుకుగా వినిపిస్తుంది. నిషాదం విషయంలో తేడా ఇంకా పెద్దది. 1540 హెర్ట్జ్ వద్ద కలవవలసిన అనుస్వరాల మధ్య 28 హెర్ట్జ్ ఎడం వస్తుంది.

సహజ నిష్పత్తి కుదిరినప్పుడు అనుస్వరాలు ఒకదానిపై ఒకటి చేరి, ఎవరూ పాడని పైస్థాయి స్వరం వినిపించినట్లు ఉంటుంది. దీన్నే గాయకులు కార్డ్ ‘మోగడం’ అంటారు. తంబురా శ్రుతి చక్కగా కుదిరినప్పుడు మంద్రషడ్జమపు తీగెనుండి అంతర గాంధారం దానంతట అది వినిపించడం మనకు తెలిసినదే. స్వయంభూస్వరంగా మనం గుర్తించే ఆ గాంధారం కూడా అయిదవ అనుస్వరమే. తంబురాలో ఒక్క తీగె ఇచ్చే ఫలితాన్ని బార్బర్‌షాప్ గాయకులు నాలుగు గళాల పొందికతో రాబడతారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. స్వరలిపిలో ఈ 14, 31 సెంట్ల సవరణ కనిపించదు. కాగితం మీద రాసిన నిషాదం ఒక్కటే. దాన్ని ఎంత దించాలో గాయకుడు పక్కవారిని విని నిర్ణయించుకోవాలి. లీడ్ ప్రధాన వరుసను స్థిరంగా నడిపిస్తే, మిగిలిన మూడు గళాలు దానికి అనుగుణంగా ఎప్పటికప్పుడు సర్దుకుంటాయి.

5. గాత్రసాధన

5.1 శ్వాస: పీల్చేటప్పుడు భుజాలు లేవకుండా ఉదరవితానం దిగి, పక్కటెముకలు విచ్చుకోవాలి. పాడేటప్పుడు గాలి ఒకే ఒత్తిడితో బయటికి రావాలి. చరణాంతంలో ఊపిరి తగ్గితే శ్రుతి దిగజారడం వాద్యసహకారంలేని గానంలో పెద్ద ప్రమాదం. కోరస్‌లో దీనికి ఒక వెసులుబాటు ఉంది. ఒకరు ఆగి ఊపిరి తీసుకునేటప్పుడు పక్కవారు కొనసాగిస్తారు. అందువల్ల పొడవైన వాక్యం తెగకుండా సాగుతుంది. ఊపిరి తీసుకున్నవారు తిరిగి ప్రవేశించేటప్పుడు అదే అచ్చుతో, తక్కువ ధ్వనితో కలవాలి. గళానికి ఒక్కరే ఉండే క్వార్టెట్‌కు ఈ సౌకర్యం లేదు.

5.2 అచ్చుల ఏకీకరణ: నోరు, నాలుక, పెదవుల ఆకృతి మారితే ఏ అనుస్వరాలు బలపడతాయో అదీ మారుతుంది. అందరూ ఒకే స్వరం పాడుతున్నా ఒకరు ‘అ’ను విప్పారంగా, మరొకరు ముడిచి పలికితే అనుస్వరాలు చెదిరిపోయి శ్రుతి తప్పినట్లే వినిపిస్తుంది. శ్రుతిదోషంగా తోచేది నిజానికి ఉచ్చారణదోషమై ఉండటం సాధనలో తరచు ఎదురవుతుంది. ఆంగ్లంలోని సంయుక్తాచ్చుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మన ‘ఐ’ని ‘అ’, ‘ఇ’ల కలయికగా విడదీసినట్లే, వారు మొదటి అచ్చును పూర్తిగా నిలిపి, రెండవ అచ్చును చివరలో అందరూ ఒకే క్షణంలో తాకుతారు. ఆ మలుపును ఒకరు ముందుగా తీసుకున్నా కార్డ్ మసకబారుతుంది.

5.3 కంపనం, ధ్వని సమతౌల్యం: ఒపేరా గాత్రంలో స్వరకంపనం అలంకారం. ఇక్కడ దాన్ని బాగా తగ్గించుకోవాలి. 14 సెంట్ల తేడాను సరిచేయవలసినచోట పదుల సెంట్ల ఊగిసలాట ఉంటే అనుస్వరాలు కలవవు. ధ్వని పరిమాణం కూడా అందరిదీ సమానంగా ఉండకూడదు. అడుగున బాస్ విశాలంగా, దానిపై లీడ్ స్పష్టంగా, పైన టెనార్ పలుచగా ఉండే గోపురంవంటి అమరికను ఆశిస్తారు. గాంధారమో నిషాదమో పాడేవారు ఆ క్షణానికి ధ్వని తగ్గిస్తారు.

ఈ నైపుణ్యాల సాధనకు వాడే ఒక పద్ధతి జంటగానం. నాలుగు గళాలనూ ఒకేసారి పాడించక, లీడ్‌ను బాస్‌తో, ఆపైన బారిటోన్‌తో, టెనార్‌తో విడివిడిగా జతపరుస్తారు. మిగిలినవారు వింటారు. లోపం ఏ జంటలో ఉందో దీనివల్ల త్వరగా తేలుతుంది.

6. పోటీలు: రక్షణ, పరిధి

బార్బర్‌షాప్ హార్మొనీ సొసైటీ పోటీలో ప్రతి బృందం రెండు పాటలు పాడుతుంది. న్యాయనిర్ణేతలు సంగీతం, ప్రదర్శన, గానం అనే మూడు విభాగాలుగా ఉంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పాటకు 100కు మార్కులు వేస్తారు. పాట ఎంపిక, స్వరరచన శైలికి తగినట్లు ఉన్నాయా అని సంగీత విభాగం చూస్తుంది. శ్రుతి, అచ్చుల పొందిక, నాదపు నాణ్యత గాన విభాగం కిందికి వస్తాయి. భావం శ్రోతకు చేరిందా అనేది ప్రదర్శన విభాగానికి సంబంధించినది. గెలిచిన క్వార్టెట్ అదే కూర్పుతో మళ్ళీ పోటీచేయదు. గెలిచిన కోరస్ తరువాతి రెండేళ్ళు పోటీకి దూరంగా ఉండాలి. డాలస్‌కు చెందిన ‘వోకల్ మెజారిటీ’ 1979 నుండి 2006 వరకు సరిగ్గా మూడేళ్ళకొకసారి, మొత్తం పదిసార్లు స్వర్ణపతకం పొందింది. అంటే అర్హత ఉన్న ప్రతిసారీ గెలిచిందన్నమాట.

ఈ విధానంవల్ల రెండు పరిణామాలు కలిగాయి. చెవితో అప్పటికప్పుడు అల్లుకునే గానం స్థానంలో ముందుగా రాసిన, నెలలతరబడి సాధనచేసిన స్వరరచనలు వచ్చాయి. ఆశువుగా పాడే పాత పద్ధతిని ‘వుడ్‌షెడింగ్’ పేరుతో కొందరు విడిగా కొనసాగిస్తున్నారు. రెండవది, శైలికి నిర్వచనం న్యాయనిర్ణేతల పుస్తకంలో స్థిరపడింది. ఏ కార్డ్ ఈ శైలికి చెందుతుంది, ఏది చెందదు అనేది పోటీ నియమంగా మారింది.

నియమాలు కార్డ్‌లకే పరిమితం కాలేదు. 1941లో న్యూయార్క్ నగర పోటీలో ‘గ్రాండ్ సెంట్రల్ రెడ్ క్యాప్స్’ అనే ఆఫ్రికన్ అమెరికన్ రైల్వే కూలీల క్వార్టెట్ గెలిచింది. సెయింట్ లూయిస్‌లో జరిగే జాతీయ పోటీలో పాడటానికి మాత్రం సంఘం వారిని అనుమతించలేదు. దీనికి నిరసనగా న్యూయార్క్ మాజీ గవర్నర్ ఆల్ స్మిత్, నగర ఉద్యానశాఖ అధిపతి రాబర్ట్ మోజెస్ సంఘంనుండి వైదొలగారు. జాతిపరమైన ఆ నిబంధన 1963 వరకు కొనసాగింది. స్వీట్ అడెలైన్స్ కూడా 1957లో సభ్యత్వాన్ని శ్వేతజాతి మహిళలకే పరిమితం చేయడంతో, కొన్ని శాఖలు బయటికివచ్చి 1959లో ‘హార్మొనీ ఇన్‌కార్పొరేటెడ్’ను స్థాపించాయి. స్వీట్ అడెలైన్స్ ఆ నిబంధనను 1966లో తొలగించింది. పురుషుల సంఘంగా మొదలైన బార్బర్‌షాప్ హార్మొనీ సొసైటీ 2018లో మహిళలకు పూర్తి సభ్యత్వం ఇచ్చింది.

ఒక శైలిని భద్రపరచాలన్న సంకల్పంతో పుట్టిన సంఘం, ఆ శైలిని తీర్చినవారి వారసులను పాతికేళ్ళపాటు వేదికకు దూరంగా ఉంచింది. సంరక్షణ పేరుతో జరిగే పనిలో ఏది నిలుస్తుందన్న ప్రశ్నతోపాటు ఎవరు మిగులుతారన్న ప్రశ్న కూడా ఉంటుందని ఈ చరిత్ర తెలుపుతుంది. జానపద, సంప్రదాయ కళలకు పోటీలు, ఉత్సవాలు నిర్వహించే ఏ సమాజానికైనా ఇది వర్తిస్తుంది.

7. ముగింపు

- బార్బర్‌షాప్ నాదపు ప్రత్యేకతకు ఆధారం 4:5:6:7 సహజ నిష్పత్తి. అది పియానో శ్రుతికి భిన్నమైనది, స్వరలిపికి అందనిది.
- శ్వాస, అచ్చుల పొందిక, కంపన నియంత్రణ, ధ్వని సమతౌల్యం అనే నాలుగూ ఆ నిష్పత్తిని నిలపడానికి ఏర్పడిన సాధనాలు.
- పోటీలు ఆశుగానాన్ని లిఖితరచనగా మార్చాయి. అయినా శ్రుతిని చెవితో సరిదిద్దుకునే మూలనైపుణ్యాన్ని అవి వదులుకోలేకపోయాయి. గాన విభాగపు మార్కులు నేటికీ దానిమీదే ఆధారపడతాయి.
- క్షౌరశాలలోని నలుగురికీ, వేదికపైని వందమందికీ ఉమ్మడిగా ఉన్నది ఈ నైపుణ్యమే. కాబట్టి ఈ శైలి చరిత్రను 1938 నుండి కాక ఆఫ్రికన్ అమెరికన్ గానసంప్రదాయంనుండి మొదలుపెట్టి బోధించడం సముచితం.