మీకు తెలుసా? మళ్లీ విద్యార్థి అయిన వకీలు

1809లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టి, హైడెల్‌బర్గ్‌లో న్యాయశాస్త్ర పట్టా పొందిన గుస్తావ్ కోర్నర్, జర్మన్ సమాఖ్యపై, అనగా నాటి జర్మన్ రాజ్యాల కూటమిపై, తిరుగుబాటు లేవదీయడానికి 1833 ఏప్రిల్ 3న ఫ్రాంక్‌ఫర్ట్‌లోని కాపలా ఠాణాలపై విద్యార్థులు జరిపిన దాడిలో గాయపడి, అరెస్టు తప్పించుకుని అమెరికా చేరారు. చేతిలో పట్టా ఉన్నప్పటికీ, పూర్వపు తీర్పులనే ప్రమాణంగా పాటించే ‘కామన్ లా’ పద్ధతి తమ దేశపు విధానానికి భిన్నమైనందున, ఆయన కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో, పరాయి భాషలో, ఓనమాల నుంచి మళ్లీ న్యాయశాస్త్రం చదివారు. ఆయన పొందిన పదవులన్నింటికన్నా ఈ పట్టుదలే గొప్పది. ఇల్లినాయ్ రాష్ట్రంలోని బెల్‌విల్‌లో వకీలుగా స్థిరపడి, 1845లో రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా, 1853లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా బాధ్యతలు చేపట్టారు. 1865లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగిన అబ్రహాం లింకన్ అంత్యక్రియల్లో, మిత్రుని శవపేటిక వెంట గౌరవసూచకంగా నడిచినవారిలో కోర్నర్ ఒకరు.