వైఫై గుర్తు మాయమైందా? ఫోన్ కేబుల్ తీయండి!

ఆదివారం సాయంత్రం ధర్మవరంలో బెంగళూరు రైలెక్కా. కిటికీ పక్కన సీటు దొరికిందని సంబరపడేలోపే ఫోన్ మోగింది. చిన్నాయన కూతురు.

"అన్నా, యాడున్నావ్? లాప్‌టాప్‌లో వైఫై గుర్తే కనపడ్లేదు. రేపు పొద్దున తొమ్మిదికి టెస్ట్!"

ఏడుపు ఒక్కటే తక్కువ. తను బీటెక్ ఫైనలియర్. మా చిన్నాయన పట్టుచీరలు నేస్తాడు. మగ్గం మీద వచ్చిన డబ్బులోంచే తనకో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనిచ్చాడు. మర్నాడు ఉన్నది క్యాంపస్ ప్లేస్‌మెంట్ పరీక్ష. ఇంటి నుంచే, కెమెరా ముందు కూర్చుని రాయాలి. పక్కన ఫోన్ ఉండకూడదు.

ఏమైందంటే, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది కదా. అందుకని ఆ రోజే ఓ షాపులో ఫార్మాట్ చేయించి విండోస్ 11 వేయించింది. ఇంటికి తెచ్చి చూస్తే నెట్ లేదు.

ధర్మవరం: పోయింది వైఫై కాదు, డ్రైవర్

"మగ్గం ఉంది, నేసే మనిషి ఉన్నాడు. కానీ ఏ పోగు లేపాలో చెప్పే జకార్డ్ అట్టలు లేవనుకో. డిజైన్ పడుతుందా?" అన్నా. నేతగాడి కూతురికి వెంటనే అర్థమైంది. వైఫై కార్డుతో ఎలా పని చేయించుకోవాలో విండోస్‌కు చెప్పే చిన్న సాఫ్ట్‌వేరే డ్రైవర్. ఫార్మాట్ చేసినప్పుడు పాతది పోతుంది. కొత్త విండోస్‌లో మీ కార్డుకు సరిపోయేది లేకపోతే వైఫై గుర్తే రాదు.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి 'డివైజ్ మేనేజర్' తెరవండి. 'అదర్ డివైజెస్' కింద పసుపు గుర్తుతో 'నెట్‌వర్క్ కంట్రోలర్' కనపడితే, కార్డు ఉంది, డ్రైవర్ లేదని అర్థం. అసలేమీ కనపడకపోతే షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే కార్డు వదులైందో, పాడైందో మెకానిక్‌కు చూపించాల్సిందే.

చెల్లికి పసుపు గుర్తు కనపడింది. హమ్మయ్య!

పెనుకొండ: నెట్ కావాలంటే నెట్ ఉండాలి

"మరి డ్రైవర్ ఎట్ల దించుకోవాలన్నా? నెట్ లేదు కదా!"

పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం. ఈ ముడి విప్పేది మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనే. కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ దగ్గరున్న 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయాలి. దీనికి కావలసిన డ్రైవర్ విండోస్‌లో ముందే ఉంటుంది. ఫోన్ ఇంటి వైఫైలో ఉంటే చాలా ఫోన్లలో ఆ నెట్టే లాప్‌టాప్‌కూ వెళ్తుంది, మొబైల్ డేటా ఖర్చు కాదు. ఐఫోన్‌కైతే యాపిల్ డ్రైవర్ కూడా కావాల్సి రావచ్చు.

ఇంతలో పెనుకొండ కొండ దగ్గర సిగ్నల్ పోయింది. మళ్లీ కలిసేసరికి చెల్లి గొంతు నీరసంగా ఉంది. "ఆ ఆప్షన్ నొక్కితే పడటం లేదన్నా."

తప్పు కేబుల్‌ది. కొన్ని కేబుళ్లు చార్జింగ్‌కే తప్ప డేటాకు పనికిరావు. ఫోన్‌తోపాటు డబ్బాలో వచ్చిన కేబుల్ వెతికి పెట్టమన్నా. పెట్టగానే ఆన్ అయింది.

హిందూపురం: గుర్తు వచ్చింది

సెట్టింగ్స్‌లో 'విండోస్ అప్‌డేట్' తెరిచి 'చెక్ ఫర్ అప్‌డేట్స్' నొక్కమన్నా. చాలాసార్లు డ్రైవర్ దానంతటదే వస్తుంది. రాకపోతే 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో 'ఆప్షనల్ అప్‌డేట్స్' చూడండి. అక్కడా లేకపోతే లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లోనే వెతకండి. చిప్ ఎవరిదో తెలియాలంటే డివైజ్ మేనేజర్‌లో దాని ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. 'వీఈఎన్' తర్వాత 8086 ఉంటే ఇంటెల్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 14సీ3 ఉంటే మీడియాటెక్. 'అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో' అనే ఊరూపేరూ లేని సైట్ల జోలికి పోవద్దు. డ్రైవర్ పేరుతో వైరస్ దిగొచ్చు.

రైలు హిందూపురంలో ఆగింది. ఫోన్లో ఒక్క కేక. "అన్నా, వచ్చింది!"

కేబుల్ పీకేసి, ఇంటి వైఫైతోనే నడుస్తోందో లేదో చూడమన్నా. పరీక్షకు అదే కదా కావాల్సింది. నడిచింది. ఆ డ్రైవర్ ఫైల్‌ను కంపెనీ సైట్ నుంచి దించి పెన్‌డ్రైవ్‌లో దాచాకే పడుకోమని చెప్పా.

మర్నాడు టెస్ట్ రాసింది. ఫలితం ఇంకా రాలేదు.

మీరూ ఫార్మాట్ చేయించాలనుకుంటే, షాపుకు వెళ్లే ముందే నెట్‌వర్క్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ముఖ్యమైన పరీక్షకు ముందు రోజు మాత్రం లాప్‌టాప్‌ను ఎవరి చేతికీ ఇవ్వకండి.