పశువుల నెత్తురు త్రాగు జీవులు



మన గుంటూరు, ప్రకాశము సీమల రైతు ప్రత్తికెంత పెట్టుబడి అయినదో, మిరపకోతకెంత కూలి యిచ్చినదో లెక్క వ్రాసికొనును. కాని కొట్టములోని పశువు దినదినము చెల్లించు పన్నును ఏ లెక్కలోను వ్రాయడు. ఆ పన్ను నెత్తురు. దానిని వసూలు చేయునవి పిడుదులు, జోరీగలు, జలగలు, దోమలు. వీని నడవడి యెట్టిది, వీనివలని నష్టమేమి, వీని నడ్డగించు త్రోవ యేది యను విషయములను నేడు విచారింతము.

నెత్తురు బలమైన యాహారమే. కాని దానిని త్రాగుట సులభము కాదు. గాయము నుండి వెలువడిన నెత్తురు కొలది నిమిషములలో గడ్డకట్టును. అందుచేత ఈ జీవులు నెత్తురును గడ్డకట్టనీయని రసమును తమ నోటియందే సిద్ధముగా నుంచుకొనును. జలగ యందట్టి రసము గలదని 1884లో హేక్రాఫ్టు అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. జలగ ఊడిన తరువాత కూడ గాయము కారుచుండుటకు కారణమిదియే. మన సుశ్రుతుడు జలగలను పండ్రెండు తెగలుగా విభజించి, వానిలో ఆఱు విషము గలవనియు, ఆఱు విషము లేనివనియు చెప్పి, చెడునెత్తురు తీయుటకు విషము లేనివానిని వాడవలెనని విధించెను.

అయితే జలగ త్రాగిన నెత్తురు కంటికి కనబడును. చెఱువులో దిగిన గేదె నుండి దానిని లాగివేయుదుము. అంతకంటె పెద్ద కీడు కంటికి కనబడనిది. కొన్ని జీవులు నెత్తురు త్రాగుచు తమ ఉమ్మితో రోగబీజములను లోనికి పంపును. అవి తీసికొనినదానికంటె విడిచిపోయినదే యెక్కువ ప్రమాదకరము.

ఈ రహస్యము బయటపడుటలో మన తెలుగుదేశమునకును పాలు గలదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డు రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. అంతకు ముందే, 1880లో, గ్రిఫిత్ ఇవాన్సు అను పశువైద్యుడు పంజాబు ప్రాంతములో సర్రా యను వ్యాధిచే చచ్చుచున్న గుఱ్ఱముల, ఒంటెల నెత్తురులో దాని క్రిమిని కనుగొనెను. ఈ వ్యాధిని మోయునది జోరీగ. దాని నోరు చిన్న కత్తుల కట్టవలె నుండి చర్మమును కోయును. పశువు తోక విసరగానే అది సగము కడుపుతో లేచి ప్రక్క పశువుపై వ్రాలును. నోటికంటిన నెత్తురుతో రోగమును దానికంటించును. జోరీగలలోను, దోమలలోను నెత్తురు త్రాగునది ఆడుదియే. గ్రుడ్లు పెట్టుటకు దాని కా యాహారము కావలెను.

ఇక పిడుదు సంగతి. కొందఱు దీనిని గోమారి యందురు. నెత్తురుతో నిండిన ఆడ పిడుదు ఆముదపు గింజవలె కనబడును. ఈ పోలిక మనకే కాదు, పూర్వపు రోమనులకును తోచినది. లాటిను భాషలో పిడుదునకును ఆముదమునకును ఒకటే పేరు. పశువులపై సాధారణముగా కనబడు పిడుదు ఒకే పశువును పట్టుకొని సుమారు మూడు వారములు పెరుగును. పిమ్మట నేల రాలి, రెండు మూడు వేల గ్రుడ్లు పెట్టి చచ్చును. పిల్లలు గడ్డిపరకల చివరకు ప్రాకి, పోవు పశువునకై కాచుకొనియుండును. మఱియొక జాతి పిడుదు కొట్టపు గోడల పగుళ్లలో దాగును. కావున మనకు పశువుపై కనబడునవి కొన్నియే. తక్కినవి గోడలోను, గడ్డిలోను ఉన్నవి.

పిడుదు వలన పశువునకు ఎఱ్ఱమూత్రపు జ్వరము వచ్చును. ఈ జ్వరమును పిడుదే మోయుచున్నదని అమెరికాలో స్మిత్తు, కిల్బోర్ను అనువారు 1893లో రుజువు చేసిరి. గోడపగుళ్ల పిడుదు థైలీరియా యను మఱియొక జ్వరమును తెచ్చును. గడ్డల వాపు, తీవ్రమైన జ్వరము, కనుఱెప్పల లోపల పాలిపోవుట దీని గుర్తులు. ఇది సంకరజాతి ఆవులను మిక్కిలి బాధించును. మన ఒంగోలు జాతి పిడుదును చాల వఱకు తట్టుకొనును. చర్మమును అలలవలె కదలించి ఈగలను తోలుకొనుట ఆ జాతికి సహజగుణము. బ్రెజిలు దేశస్థులు మన పశువులను కొనిపోయి, నెల్లూరు పేరుమీద నెలోరె యని పిలిచి మందలుగా వృద్ధి చేసికొనుటకు, ఎండను, పిడుదును ఓర్చు శక్తియే ముఖ్యకారణములలో నొకటి. కాబట్టి పాలకొఱకు సంకరజాతి ఆవును తెచ్చుకొన్నవారు, ఒంగోలు ఆవు సంగతి వలె దానిని దాని మానాన విడువరాదు.

ఇచట మన సీమకు ప్రత్యేకమైన హెచ్చరిక యొకటి చేయవలసియున్నది. ప్రత్తి, మిరప చేలకు చల్లగా మిగిలిన మందు సీసా చూరులో ఉండును. పిడుదులను చూడగానే ఆ మందునే నీటిలో కలిపి పశువునకు పూయవలెనని కొందఱికి తోచును. అది పశువును చంపు పని. పశువు తన ఒడలు తానే నాకుకొనును. విషము చర్మము ద్వారమున కూడ లోనికి దిగును. నోట చొంగ కారుట, ఒడలు వణకుట, ఊపిరాడకపోవుట కనబడిన వెంటనే వైద్యుని పిలువవలెను. పాలలో దిగిన విషము పసిబిడ్డ గిన్నెలోనికి వచ్చును.

సరియైన మందైనను అదుపు లేక వాడరాదు. 1987-88లో మన ప్రత్తిచేలలో శనగపచ్చ పురుగు మందులకు లొంగక, పైరును తిని, ఎన్ని కుటుంబములను అప్పులపాలు చేసెనో, ఎందఱు రైతులు ప్రాణములు తీసికొనిరో పెద్దలు మఱచియుండరు. పిడుదునకును అదే నేర్పు కలదు. చాలీచాలని మోతాదులో మాటిమాటికి ఒకే మందు వాడినచో, చావక మిగిలినవాని సంతానమే ఊరంతయు నిండును.

చేయదగిన పనులు కష్టమైనవి కావు. కొట్టపు గోడల పగుళ్లు పూడ్చి సున్నము వేయవలెను. పేడ, చెత్త ప్రక్కనే కుప్పపడనీయరాదు. పెరటికోళ్లు పిడుదులను ఏరి తినును. పిడుదును వట్టి చేతితో నలుపరాదు. 2011లో గుజరాతులో మనుష్యులను చంపిన కాంగోజ్వరము పిడుదుల వలన వ్యాపించునదే. మందును పశువైద్యుడు చెప్పిన కొలతకే వాడి, ఎన్ని దినములు పాలు వాడరాదో ఆయననే అడుగవలెను. సంకరజాతి పశువులకు థైలీరియా టీకా వేయింపవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది పెద్దల చేతిలో నున్నది. ఒక యింటివారు మాత్రమే మందు వేసినచో, మఱునాడు ఊరుమ్మడి బీటిలో పొరుగువాని పిడుదులు మరల ఎక్కును. ఊరి పశువులన్నిటికి ఒకే దినమున మందు వేయించి, కొట్టములన్నియు ఒకే వారములో బాగుచేయించినచో ఫలము నిలుచును. నీటివంతులు తీర్చు పెద్దలకు ఈ కట్టుబాటు చేయుట అసాధ్యము కాదు. నోరు లేని పశువు చెల్లించు పన్నును మాన్పించువాడు దాని యజమానుడే గాని మఱియొకడు కాడు.