ముర్రుపాలలోని రక్ష



ముర్రుపాలనగానే మనకు జున్ను జ్ఞప్తికి వచ్చును. పంది ముర్రుపాలు మాత్రము ఎవరి వంటయింటికిని రావు. అవి పిల్లల ప్రాణరక్షణమునకే యేర్పడినవి. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలోని ఎరుకల కుటుంబములు కొన్నిటికి పందుల పెంపకము తరతరముల జీవిక. ఒక ఈత పిల్లలు చచ్చినచో ఆ యింటి రాబడి చెడును. కావున ఈ విషయము విన్నవించుచున్నాను.

రోగముల నెదిరించు ప్రతిరక్షకములు మనుష్యశిశువునకు గర్భమునందే తల్లి రక్తమునుండి లభించును. పందిపిల్లకు ఆ భాగ్యము లేదు. మావి పొరలు వానిని దాటనీయవు. కర్ణుడు కవచముతో జన్మించెను. పందిపిల్ల జన్మించిన పిదప ముర్రుపాలు త్రాగియే కవచము ధరింపవలెను.

ఆ కవచము అన్ని తల్లులయందు నొక్కరీతిగా నుండదు. మొదటి కారణము కాలము. ఈనిన తొలి గడియలలో ప్రతిరక్షకములు మెండు. ఒక దినములోనే మిక్కిలి తగ్గిపోవును. పిల్ల ప్రేగు సైతము 24 మొదలు 36 గంటలలో వానిని రక్తమునకు చేర్చు శక్తిని కోల్పోవును.

రెండవది ఈతల సంఖ్య. తొలిచూలు పంది కంటె పలుమారులు ఈనిన తల్లి పాలలో ప్రతిరక్షకములు సాధారణముగా హెచ్చు. అది పెక్కు రోగక్రిముల నెదుర్కొన్నది.

మూడవది నివాసము. తల్లి యెరిగిన క్రిములకే పాలలో విరుగుడుండును. రోగము నెదిరించు శక్తిగల తల్లి పాలు గుడిచిన పరాయి పిల్లలకు సైతము రక్ష కలుగునని 1892లో పాల్ ఎర్లిక్ పండితుడు చుంచెలుకలయందు నిరూపించెను. నిండుచూలుతో సంతనుండి తెచ్చిన పంది పాత దొడ్డి రక్షనే యిచ్చును. క్రొత్త దొడ్డి రోగముల నది యింకను ఎరుగదు. అందుచేత ఈనుటకు నెలకు పైగా ముందే దానిని తెచ్చుకొనుట మేలు.

నాలుగవది టీకా. పంది చూలు సుమారు 114 దినములు. పశువైద్యుని సలహాపై కడపటి వారములలో తల్లికి వేయించిన టీకా ముర్రుపాలకు బలము నిచ్చును. అయితే ఆ ప్రతిరక్షకములే పిల్లలకు మరీ లేతవయస్సున వేసిన టీకాను నిష్ఫలము చేయగలవు. కావున పిల్లల టీకా కాలమును గూడ వైద్యునే అడుగవలెను.

పాలు మంచివైనను పిల్ల కడుపు చేరనిచో ఫలము లేదు. మొదటి దినమున పిల్లకు 200 మొదలు 250 గ్రాములు వలయును. పిల్లలు పెక్కండ్రైనచో, కడుపునిండిన బలమైనవానిని కొంతసేపు వెచ్చని గంపలో నుంచి, బలహీనమైనవానిని చన్నుల కందింపుడు. ఈనిన రాత్రి యజమాని మేలుకొనుటయే పిల్లలకు పెట్టని కోట.