అండమాన్ చూడాలంటే ఆస్తులమ్మక్కర్లేదు

విశాఖపట్నం: ఒకప్పుడు ద్వీపాంతరం పంపారంటే ఆ మనిషి మీద ఆశ వదులుకోవడమే. ఇప్పుడు అదే అండమాన్‌కు కొత్త దంపతులు విమానాల్లో వెళ్ళి, ఒక్క రాత్రి బసకు వేలకు వేలు పోసి వస్తున్నారు. దాంతో అదంతా డబ్బున్నవాళ్ళ వ్యవహారమని పల్లెల్లో ఆ ఊసే ఎత్తడం మానేశారు. కాని తీరిక, ఓపిక, కాస్త ముందుచూపు ఉంటే సామాన్య కుటుంబం కూడా ఆ దీవులు చూసి రావచ్చు.

నిజానికి అది మనకు పరాయి చోటు కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 13 మంది తెలుగువారే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో దిగితే తెలుగు మాట వినపడకుండా ఒక పూట గడవదు.

ఓడే చౌక

విశాఖ రేవు నుంచి ప్రయాణికుల ఓడ ఉంది. అటు చేరడానికి రెండు పగళ్ళు, రెండు రాత్రుళ్ళకు పైనే పడుతుంది. అన్నిటికంటే చౌక బంక్ తరగతి. పెద్ద హాలులో ఒకదానిపై ఒకటిగా పడకలుంటాయి. క్యాబిన్ ఛార్జీలో సగం కూడా కాదు. దుప్పటి, అటుకులు, ఊరగాయ వెంట తీసుకెళ్తే క్యాంటీన్ ఖర్చు కలిసొస్తుంది. సముద్రం పడని వాళ్ళు వాంతుల మాత్రలు దగ్గర పెట్టుకోవాలి.

చిక్కల్లా తేదీలతోనే. విశాఖ ఓడలు నెలకు ఒకటి రెండు సార్లకు మించవు. ప్రయాణం తేదీ కొద్ది రోజుల ముందే ఖరారవుతుంది, ఆ తర్వాత మారడమూ కద్దు. ఓడ జాప్యమైతే విశాఖలో లాడ్జి అద్దెకే కూడబెట్టిన డబ్బు కరిగిపోతుంది. టిక్కెట్టు చేతికి వచ్చాకే ఊరు కదలడం మేలు.

ద్వీపవాసి కార్డు ఉన్నవారికి ఛార్జీ బాగా తక్కువ. పురుడు పోయడానికి కూతురి దగ్గరకు వెళ్ళే తల్లి అయినా, కార్డు లేకపోతే పూర్తి సొమ్ము కట్టాల్సిందే. చుట్టాలను నమ్ముకుని వెళ్ళేవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

బస్సులు, సర్కారు బోట్లు

పట్నంలో అబర్డీన్ బజారు చుట్టుపక్కల తక్కువ అద్దె లాడ్జీలు, భోజన హోటళ్ళు ఉన్నాయి. టాక్సీ కట్టించుకుంటే రోజుకు వేలు వదులుతాయి. సర్కారు బస్సెక్కితే చిడియా టాపు, వండూరు తీరాలు కొద్ది రూపాయలతోనే చూడవచ్చు. 1906లో పూర్తయిన సెల్యులర్ జైలుకు టిక్కెట్టు స్వల్పమే. ఏడు విభాగాల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. అల్లూరి సీతారామరాజుతో కలిసి 1922-24లో మన్యంలో పోరాడినవారిలో కొందరిని ఈ దీవులకే పంపారు.

హేవ్‌లాక్, నీల్ దీవులకు 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. ప్రైవేటు బోటు వేగంగా వెళ్తుంది కాని ఖరీదెక్కువ. సర్కారు బోటులో రెండు గంటలకు పైగా పడుతుంది, ఛార్జీ మాత్రం చాలా తక్కువ. సీట్లు త్వరగా నిండిపోతాయి గనుక దిగిన రోజే టిక్కెట్టు సంగతి చూసుకోవాలి. రాధానగర్ ఇసుక తీరం చూడ్డానికి పైసా అక్కర్లేదు. చిన్నదైన షహీద్ ద్వీప్‌ను అద్దె సైకిల్ మీద ఒక్క రోజులో చుట్టి రావచ్చు. సముద్రం అడుగుకు దింపే విన్యాసాలు మానుకుంటే సగం ఖర్చు తగ్గినట్టే.

జాగ్రత్తలు

ఉత్తర దిక్కు బస్సులు జరావా అడవి గుండా వెళ్తాయి. దారిలో ఆ గిరిజనులను ఫోటో తీయడం, తినుబండారాలు ఇవ్వడం నేరం. పగడాలు, నిషిద్ధ గవ్వలు మూటగట్టుకుంటే తిరుగు ప్రయాణంలో తనిఖీలో పట్టుకుంటారు. మొసళ్ళున్నాయన్న బోర్డు ఉన్నచోట నీళ్ళలోకి దిగరాదు.

మే నుంచి వానలు, ఈదురుగాలులు ఎక్కువ. గాలివాన పట్టిందంటే బోట్లు నిలిచిపోతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. సంక్రాంతి వెళ్ళి, ధాన్యం అమ్ముడై, రైతు చేతిలో నాలుగు డబ్బులాడే కాలమూ అదే. అయితే ఆ డబ్బంతా తిరుగుళ్ళకే పెట్టకూడదు. తిరుగు ఓడ వారం ఆలస్యమైనా తిండికి, బసకు సరిపడా సొమ్ము విడిగా కొంగున ముడేసుకున్నవారే దీవిలో చేయి చాచకుండా ఇల్లు చేరగలరు.